దీపం ఆర్పిన సోడా

బెల్లంపల్లిలో ఇప్పుడు ఎవరింట్లో పెళ్ళయినా పందిట్లో నీళ్ళ గాబు పక్కన గోలీసోడా పెట్టెలు దిగాల్సిందే. కాగజ్‌నగర్ మిల్లు క్వార్టర్ల నుంచి కూడా పెట్టెలు పంపమని కబురు వస్తుంటుంది. తాగేవాళ్ళు దాన్ని ఊరికే సోడా అనరు, పాతర సోడా అంటారు. సీసా మీద అట్లాంటి పేరేమీ రాసి ఉండదు. ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలియాలంటే ముందు సక్కుబాయి సంగతి తెలియాలి.

సక్కుబాయికి ఉన్న జబ్బల్లా ఒక్కటే, అడగడం. ఆమె వాకిలి ముందు నుంచి ఎవరైనా చేతిలో మూట పట్టుకొని పోతున్నారంటే, అందులో ఏముందో చెప్పనిదే అడుగు ముందుకు పడదు. చింతపండు అంటే ఏ ఊరి చింతపండు, గింజ తీసిందా తీయనిదా, తీస్తే ఎవరు తీశారు, ఆమె కోడలు ఇంకా పుట్టింట్లోనే ఉందా, ఇట్లా సాగుతుంది. ఆమెకు వాటితో పనేమీ లేదు. తెలుసుకోవాలి, అంతే. తెలుసుకున్నది కడుపులో పెట్టుకునే మనిషి కూడా కాదు. చిన్నప్పుడు బడిలో పంతులు సుద్దముక్కతో అక్షరం దిద్దిస్తుంటే, అక్షరం వదిలేసి ఆ సుద్ద ఏ గుట్టలో దొరుకుతుందని అడిగిందట. నాలుగో తరగతి అయ్యేసరికి ఇక ఈ పిల్లకు నేర్పేది తన దగ్గర లేదని ఆ పంతులే తేల్చేశాడు.

ఆమె పుట్టిల్లు ఖానాపూర్ అవతల నల్లరేగడి పల్లె. రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది రాజంతో పెళ్ళయి బెల్లంపల్లికి వచ్చింది. రాజం బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. ఆమె పది అడిగితే ఒకదానికి జవాబు చెప్పి, మిగతా వాటికి నవ్వేవాడు. వాళ్ళ కాపురం అట్లానే మంచిగా నడిచింది.

ఒక వానాకాలం బాయిలో పైకప్పు కూలి రాజం అవతలి వైపు చిక్కుకుపోయాడు. సర్దార్ భూమన్న మనుషుల్ని పెట్టి బొగ్గు తవ్వి, తనే లోపలికి పాకి, అతన్ని భుజాన వేసుకొని బయటికి తెచ్చాడు. కాలు విరిగింది గానీ కట్టు కడితే అతుక్కుంది. మళ్ళీ పనిలోకి పోసాగాడు. అయితే పొద్దున తలగుడ్డ చుట్టుకొని గడప దాటేటప్పుడు అతని చెయ్యి దర్వాజాను పట్టుకోవడం సక్కుబాయి కనిపెట్టింది. కొంచెంసేపు పట్టుకునేవాడు. ఆ తర్వాత వదిలి పోయేవాడు. రోజూ అంతే. బజారులో మూటలన్నీ విప్పించే మనిషి, ఆ పొద్దు లోపల ఏమయిందని మాత్రం భర్తను అడగలేదు. అడగడానికి నోరు తెరిచి, అన్నం పెట్టనా అని మాట మార్చేసేది.

చివరికి ఒకనాడు కాళ్ళ కడియాలు తీసి ముందు పెట్టింది.

"ఇగ నువ్వు బాయిల దిగుడు వద్దు," అంది.

"దిగకుంటె ఏం తింటం?"

"మంచిర్యాలల ఒక ముసలాయన సోడ మిషను అమ్ముతుండట. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. కొడుకులిద్దరు రైల్వేల చేరిండ్రు. మిషను మంచిగనే ఉన్నదట. రబ్బర్లు మార్చాలె."

"గివన్ని నీకెవరు చెప్పిండ్రే?"

"అడిగిన."

అట్లా వచ్చింది సోడా మిషను. సీసాలో నీళ్ళు నింపి చట్రంలో బిగించి చక్రం తిప్పితే, గ్యాసు నీళ్ళలోకి దూరి, గోలీని మూతిలోని రబ్బరుకు అదిమి పట్టేది. చక్రం తిప్పడం రాజం పని. ఒక్కోసారి సీసా పేలేది కనుక మీద గోనెపట్టా కప్పి తిప్పేవాడు. సీసాలు కడగడం, అమ్మడం, తాగేవాళ్ళను అడగడం సక్కుబాయి పని. షిఫ్టు దిగి నల్లటి మొహాలతో వచ్చే కార్మికులు బొటనవేలితో గోలీ నొక్కి గటగటా తాగి, గొంతులోని బొగ్గుదుమ్ము కడుక్కొని ఇంటికి పోయేవాళ్ళు. ఎదురుగా అజీముద్దీన్ చాయ్ హోటల్. మిర్చీలు తిన్నవాళ్ళకు అతను కూడా వాళ్ళ సోడాలే పెట్టేవాడు.

మొదట్లో ఆ గ్యాసును ఇంట్లోనే పుట్టించేవాళ్ళు. సీసపు డబ్బాలో సుద్ద పోసి దాని మీద తేజాబు, అదే యాసిడ్, పోస్తే బుసబుసమని పొంగి వచ్చేది. తేజాబు చుక్క పడితే చీర చిల్లులు పడేది. అది చూసి చూసి అజీముద్దీన్, హైదరాబాదులో సోడా కార్ఖానా ఉన్న బావమరిదితో మాట్లాడి, గ్యాసు సిలిండరు ఒకటి రైల్లో తెప్పించాడు. శివరాత్రి పోయి ఎండలు మొదలైన రోజులు. స్టేషను నుంచి హమాలీలు దాన్ని దొర్లించుకుంటూ వస్తుంటే బజారంతా చూసింది.

"ఇగ తేజాబు ఫికర్ లేదు బహెన్," అన్నాడు అజీముద్దీన్. "జర చావి తిప్పితే గ్యాసు. బంద్ జేస్తే బంద్."

"లోపల ఎట్లుంటది భాయ్? నీళ్ళ లెక్కనా, పొగ లెక్కనా?"

"నాకేం తెలుసు? నేను లోపలికి వోయి సూసిన్నా?"

ఆ మాటతో సక్కుబాయికి నిద్రాహారాలు లేవు. మధ్యాహ్నం రాజం తిండి తినే వేళ చూసి, సిలిండరు గొట్టాన్ని ఖాళీ బకెట్లో పెట్టి చావి తిప్పింది. బుస్సుమంది. కంటికి ఏమీ కనిపించలేదు. వాసన లేదు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది, గొట్టం మూతి దగ్గర తెల్లగా మంచు నూగు పట్టింది. అడుగున ఏమన్నా ఉందేమో చూద్దామని దేవుడి గూట్లోని దీపం తెచ్చి బకెట్లోకి దించింది. దీపం ఆరిపోయింది. గాలి కొట్టిందనుకొని మళ్ళీ వెలిగించి దించింది. మళ్ళీ ఆరింది. ఈసారి నేల మీద దీపం పెట్టి, ఖాళీగా కనిపిస్తున్న ఆ బకెట్‌ను నీళ్ళు వంపినట్టు దాని మీద వంపింది. దీపం ఎవరో ఊదినట్టు ఠక్కున పోయింది.

సక్కుబాయి సంతోషం చెప్పనలవి కాదు. పక్కింటి బాలవ్వను పిలిచి చూపించింది. బాలవ్వ మూతి తిప్పి, "దేవుని దీపం ఆర్పుకుంట ఆటలాడుతున్నవ్, గిదేం బుద్ధే," అంది గానీ, ఇంకొకసారి చెయ్యమని తనే అడిగింది. వీధిలోని ఆడవాళ్ళందరూ చూశారు. అంతటితో ఆగితే బాగుండేది. సాయంత్రం షిఫ్టు దిగిన మగవాళ్ళు సోడాలకు వచ్చేసరికి, సక్కుబాయి దుకాణం ముందు పలక మీద దీపాలు వరసగా పెట్టి సిద్ధంగా ఉంది.

"ఇగో సూడుండ్రి. ఉత్త బకెట్," అంటూ వంపింది. దీపాలు ఒకదాని వెనక ఒకటి పోయాయి.

ఆమె చప్పట్లు వస్తాయనుకుంది. ఎవరూ నవ్వలేదు. సోడాలు తాగుతున్నవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గుంపులోంచి భూమన్న ముందుకు వచ్చాడు. అందరికంటే ముందు బాయిలోకి దిగి, చేతిదీపం కింద నేల దగ్గర పెట్టి, అది నిలబడితేనే తక్కిన వాళ్ళను లోపలికి రానిచ్చే సర్దార్ అతను. ఆ దీపం మసకబారితే అందర్నీ వెనక్కి తరిమేవాడు. అతని మాట వినే వాళ్ళంతా బతికి బయటికి వస్తున్నారు కనుక, బాయిలో అతని మాటకు దొర మాట కంటే బరువు ఎక్కువ.

"చెల్లె, ఆ బకెట్ల ఏమున్నది?"

"గ్యాసన్నా. మనం సోడల పోసేదే."

"మల్లొకసారి సూపెట్టు."

సక్కుబాయి చూపింది. ఈసారి ఆమె చేతికి ఆ హుషారు లేదు.

"గిది మా బాయిల ఉండే గాలే," అన్నాడు భూమన్న. "వాసన రాదు, కండ్లకు కనవడది, కిందకి కూసుంటది, దీపమార్పుతది. గిది సోకిందంటె మేం పారలు పారేసి ఉరుకుతం. దీన్ని నువ్వు సీసల వట్టి తాపుతున్నవా?"

కోపంతో అనలేదు. భయంతో అన్నాడు. సగం తాగిన తన సీసాను పలక మీద పెట్టి పోయాడు. అతని వెనక ఒక్కొక్కరే సీసాలు పెట్టి పోయారు.

మర్నాడు షిఫ్టు కూత అయింది, మనుషులు వచ్చారు, దుకాణం ముందు నుంచి అటువైపు చూడకుండా పోయారు. ఆ మర్నాడూ అంతే. ఊరంతా పాకింది. సోడాలో బాయిగాలి కలుపుతున్నారన్నారు. అజీముద్దీన్ హోటల్లో పళ్ళెం నిండా మిర్చీలు లాగించి కడుపునొప్పి తెచ్చుకున్నవాడు కూడా, తప్పంతా మిర్చీల తర్వాత తాగిన సోడాదే అన్నాడు. అజీముద్దీన్ తల పట్టుకున్నాడు.

"అరే, తేజాబుతోటి పుట్టిచ్చింది గుడ గిదే గ్యాసు గదనయ్యా. ఇన్నొద్దులు తాగిండ్రు గద," అని వాదించాడు.

"అప్పుడు దీపం ఆరలే," అన్నారు వాళ్ళు.

"అప్పుడు దీపం ఎవరు వెట్టిండ్రు?"

అయినా సోడా మాత్రం ఎవరూ ముట్టలేదు.

సక్కుబాయి ఊరుకునే మనిషా? బజారు మధ్యలో పెట్టె దింపుకొని, "సూడుండ్రి, నేను తాగుతున్న," అని ఒక సీసా తర్వాత ఒకటి ఎత్తింది. కాసేపటికి త్రేన్పులు మొదలయ్యాయి. ఆగకుండా వస్తున్నాయి. మాట మధ్యలో ఒకటి, దండం పెట్టబోతే ఒకటి.

"బల్లార్షా బండి వచ్చినట్టున్నది," అంది బాలవ్వ గడపలో కూర్చొని. "జర పక్కకు జరుగుండ్రి, పట్టాల మీదికెల్లి లేవుండ్రి."

అందరూ నవ్వారు. నవ్వి, "ఆమె దినాం తాగుతది, ఆమె పానానికి అలవాటైంది," అని పోయారు.

దుకాణంలో సీసాల మీద దుమ్ము పడసాగింది. ఒక మధ్యాహ్నం రాజం మిషను చక్రం మీద చెయ్యి వేసి నిలబడి, తిప్పకుండానే అన్నాడు.

"కామునిపున్నం కాంగనె మల్ల పేరు రాయించుకుంట. భూమన్నను అడిగిన. పొద్దుటి షిఫ్టుల తన దిక్కే పెట్టుకుంటనన్నడు."

సక్కుబాయి చూపు అతని మొహం మీదికి కాక, చేతి మీదికి పోయింది. ఆ చెయ్యి చక్రం ఊచను పట్టుకున్న తీరు ఆమెకు తెలుసు. రోజూ దర్వాజాను పట్టుకున్నది అట్లానే. ఆటకు దీపాలు వెలిగించి, తనే మొగుణ్ణి మళ్ళీ బాయిలోకి తోస్తున్నానని ఆమెకు ఆ క్షణాన తట్టింది. జీవితంలో మొదటిసారి ఏం అడగాలో తోచలేదు.

అప్పుడే పుట్టింటి నుంచి కబురు వచ్చింది. పాతర తీస్తున్నారు, ఆడబిడ్డ వచ్చి తన గోనె తీసుకుపోవాలని. వాళ్ళ వైపు అది ఆనవాయితీ. కోతలైన తర్వాత, తిండికి ఉంచుకున్నవి పోగా మిగిలిన జొన్నలను మెరకలో తవ్విన గుంతలో గడ్డి పరిచి పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, మట్టి మెత్తి మూసేస్తారు. కొత్త పంట వచ్చే ముందు పాతది తీస్తారు. తీసిన రోజు ఇంటి ఆడబిడ్డకు ఒక గోనె నింపి పెట్టాలి. చేతిలో బేరం లేదు, ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. సక్కుబాయి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా పోయే బస్సెక్కింది.

ఆమె పోయేసరికి తమ్ముడు మల్లన్న పాతర మీది మట్టి తవ్వేశాడు. తల్లి లస్మవ్వ కొంగు నడుముకు చుట్టి అంచున నిలబడి ఉంది. గడ్డి పక్కకు లాగాక, మల్లన్న ఒక చిన్న కుండలో దీపం పెట్టి తాడు కట్టి గుంతలోకి మెల్లగా దించాడు. చిన్నప్పుడు సక్కుబాయి ఇది ఎన్నిసార్లు చూసిందో. ఎవరు ఊదుతరవ్వా అని అడిగితే, పాతర తల్లి ఊదుతది, నోర్మూసుకొని నిలబడు అనేది లస్మవ్వ. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తుంటే కుండ సగం దూరం దిగింది. లోపలి వెలుగు చిన్నగయింది. పోయింది.

సక్కుబాయి తమ్ముడి భుజం పట్టుకుంది. కానీ లస్మవ్వ మొహం విప్పారింది.

"ఆరింది," అంది సంతోషంగా. "ఈయేడు జొన్నలు మంచిగున్నయ్."

"ఏందవ్వా, ఆరితె మంచిదా?" అంది సక్కుబాయి.

"మరి? ఆరకపోతెనే పరేషాన్. దీపం నిలవడ్డదంటె యాడనో పొక్క వడి లోపలికి గాలి దూరినట్టు. గాలి దూరితె పురుగు బతుకుతది. పురుగు బతికితె మనకు పిండే మిగులుతది. ఆరిందంటె లోపల పానమున్నదేదీ బతుకలే అన్నట్టు."

"మరి మనిషి దిగితె?"

"మనిషిది పానం గాదా? అందుకే ఇయ్యాల ఎవ్వరు దిగద్దు. మూతి తెరిచి పెట్టుండ్రి. రేపు మల్ల దీపం పెట్టి సూద్దాం."

"గంత చెడ్డ గాలిల ఉన్న జొన్నలను మనం ఎట్ల తింటమే?"

లస్మవ్వ కూతుర్ని ఎగాదిగా చూసింది. "బొగ్గు పొగకు నీ తలకాయ చెడ్డట్టున్నది బిడ్డా. పుట్టినప్పటి సంది గవే తిని గింత పెరిగినవ్. నీకేమయ్యింది?"

సక్కుబాయి గుంత అంచునే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతోందో తమ్ముడికీ తల్లికీ అర్థం కాలేదు. మర్నాడు దీపం నిలబడింది. మల్లన్న దిగి జొన్నలు ఎత్తి పోశాడు. మట్టివాసన తప్ప ఇంకే వంకా లేదు. దోసిట్లో పోసుకొని వెతికితే ఒక్క గింజకు తొర్ర లేదు. పుట్టింట్లో తిండికని గోనెలో ఉంచిన అవే జొన్నలు పురుగు పట్టి సగానికి సగం పొట్టయి పోయాయి.

ఆమె గోనెతో బెల్లంపల్లిలో బస్సు దిగేసరికి కామునిపున్నం రేపనగా ఉంది. ఇంటికి పోయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమె నోరు మూసుకొని ఉండటం చూసి బాలవ్వకు అనుమానం వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం సక్కుబాయి జొన్నలు విసిరి, దుకాణం ముందే పొయ్యి పెట్టి, షిఫ్టు దిగే వేళకు రొట్టెలు చెయ్యడం మొదలుపెట్టింది. పక్కన గిన్నెలో ఎల్లిపాయ కారం. ఆ వాసనకు పక్కచూపులు చూస్తూ పోదామనుకున్నవాళ్ళు కూడా ఆగారు.

"సోడ గాదు, రొట్టె," అంది సక్కుబాయి. "పండుగ పూట ఇంటి ముందుకెల్లి తినకుంట పోతరా? భూమన్నా, దా, కూసో."

భూమన్నకు ఆమె మీద కోపమేమీ లేదు. పైగా రాజాన్ని మళ్ళీ దింపుతున్నందుకు అతనికి లోపల గుచ్చుకుంటూనే ఉంది. కూర్చొని రొట్టె తీసుకున్నాడు.

"జొన్నలు మంచిగున్నయ్ చెల్లె. యాడివి?"

"మా అవ్వగారింటివి. పాతర జొన్నలు. మీ దిక్కు గుడ పాతరలు వెడ్తరా అన్నా?"

"పెట్టకేమి? మాది లక్షెట్టిపేట దిక్కు. మా బాపు పెట్టే పాతర ఊరందరి కన్న పెద్దది."

"తెరిచినప్పుడు ముందుగాల ఏం జేస్తరు?"

"ఏం జేస్తం, దీపం దించుతం."

"ఆరుతదా?"

"ఠక్కున ఆరుతది. మా పాతరల సగం గుడ దిగది."

"మా ఊర్ల మూతికాన్నే ఆరుతది," అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. "మూతికాడ ఆరితె అది పాతర గాదు, బయటి గాలి ఆర్పినట్టు," అన్నాడు మరొకడు. ఎవరి ఊరి పాతరలో దీపం ఎంత తొందరగా ఆరుతుందనే దాని మీద కాసేపు గట్టి పోటీ నడిచింది. సక్కుబాయి రొట్టె తిప్పుతూ అందర్నీ చెప్పనిచ్చింది. గొడవ చల్లారాక మెల్లగా అడిగింది.

"మరి దీపమారిన జొన్నలు పారబోస్తరా అన్నా?"

"పారబోసుడెందుకు? గవే గద మంచి..." అంటూ భూమన్న ఆగిపోయాడు. నోట్లో రొట్టె అట్లానే ఉంది. ఆమె వైపు చూశాడు, పలక మీది సీసాల వైపు చూశాడు. రొట్టె నమిలి మింగాడు.

"తెలివిగల్లదానివే," అన్నాడు చివరికి. "గని మేం తినేది జొన్నలు. గాలిని తినం గద. నీ సోడల గాలే పోతది లోపలికి."

అందరూ తలలూపారు. సక్కుబాయి దీనికి కూడా సిద్ధంగానే ఉంది. "అజీం భాయ్, జర ఇట్రా," అని పిలిచింది. అజీముద్దీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతని పొట్ట ఊరిలో పేరున్న పొట్ట. ఆమె ఇచ్చిన సీసాను గోలీ నొక్కి ఒక్క గుక్కలో తాగేశాడు. అందరూ అతని మొహం చూస్తూ నిలబడ్డారు. కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. గడ్డం వణికింది. అప్పుడు వచ్చిన త్రేన్పు బజారు చివర కట్టేసిన మేకకు కూడా వినిపించి ఉంటుంది, అది లేచి నిలబడింది.

"లోపలికి వోయిన గాలి ఏమైందన్నా?" అడిగింది సక్కుబాయి.

"బయటికొచ్చింది," అని ఎవరో అనేసరికి నవ్వులు మొదలై ఎంతకీ ఆగలేదు. భూమన్న కూడా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకొని, తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నాడు.

"బాయిల మనం దాని లోపల ఉంటం. ఎటు వీల్చినా అదే. సీసల అయితె అది మన లోపలికి వోయి, తొవ్వ దొరకంగనె వస్తది. మనం దాని లోపల ఉంటెనే కష్టం." తర్వాత చెయ్యి చాపాడు. "ఇయ్యి ఒకటి. సస్తె రొట్టె తినే సస్త."

తాగాడు. చావలేదు. మూతి తుడుచుకొని ఇంకొకటి అడిగాడు. అది చూసి ఇక ఎవరూ ఆగలేదు. రాజం చక్రం దగ్గరికి ఉరికాడు. రొట్టెలు మాడుతున్నా సక్కుబాయికి పట్టలేదు.

రెండో సీసా పూర్తి చేస్తూ భూమన్న చుట్టూ చూశాడు. "అవును గని చెల్లె, ఆ సిలిండర్ యాడ వెట్టినవ్?"

"లోపలి అర్రల. మా మంచం పక్కకే. దొంగలు వడ్తరని."

భూమన్న సీసా వదిలేసి లేచాడు. "కిటికున్నదా?"

"లేదు."

"లేవయ్యా రాజం, ముందు దాన్ని బయటికి తియ్యి. చావి జర లూజైతె మీరు పండుకున్న అర్రే పాతర అయితది. పొద్దున దర్వాజ తీసి మీకు దీపం దించి సూడాల్నా?"

ఇద్దరూ కలిసి దాన్ని దొర్లించుకొచ్చి, నాలుగు వైపులా గాలి ఆడే పందిరి కింద గుంజకు గొలుసుతో కట్టారు. అప్పటి నుంచి అది అక్కడే ఉంది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. అంత బరువు మొయ్యగల దొంగ బెల్లంపల్లిలో లేడని బాలవ్వ అంటుంది.

గొలుసు బిగించాక భూమన్న రాజం వీపు మీద తట్టాడు. "రేపు పొద్దున నువ్వు రాకు. నీ దీపం ఇంకోనికిస్త. నాకు దినాం షిఫ్టు దిగంగనె ఒక పాతర సోడ పెట్టు, చాలు."

పేరు అట్లా పడింది.

ఆ మర్నాడు పొద్దున షిఫ్టు కూత వినిపించే వేళకు రాజం చక్రం దగ్గర ఉన్నాడు. సక్కుబాయి సీసాలు కడుగుతోంది. కూత మొదలవగానే అతని చెయ్యి ఆగింది. కూత అయ్యేదాకా ఆగే ఉంది. తర్వాత మళ్ళీ చక్రం తిప్పుతూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఊరందరిని అడుగుతవ్. ఆ పొద్దు లోపల నాకేమయిందో ఒక్కనాడు అడగలే."

సక్కుబాయి చేతిలోని సీసా నీళ్ళలో పెట్టి, పీట దగ్గరికి లాక్కొని కూర్చుంది.

"చెప్పు," అంది.

అతను చెప్పాడు. చక్రం తిప్పుతూ, ఆపుతూ, మళ్ళీ తిప్పుతూ చెప్పాడు. దీపం ఆరిన తర్వాత చీకట్లో తను చేతికి అందిన గుంజను ఎట్లా పట్టుకొని కూర్చున్నదీ, అవతలి నుంచి భూమన్న గొంతు మొదట ఎట్లా వినిపించిందీ, భుజాన వేసుకొని మోస్తున్నప్పుడు ఆ మనిషి ఏదో పాత పాట తప్పుగా పాడుతుంటే తనకు నవ్వు ఎట్లా వచ్చిందీ, అంతా చెప్పాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సక్కుబాయి మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం వెయ్యలేదు.

బాలవ్వ సోడా కోసం వచ్చి గడప దగ్గర నిలబడింది. కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏందయ్యా రాజం," అంది, "నీ పెండ్లాం ఇంతసేపైనా ఏమడుగుతలేదు. జరమొచ్చిందా ఏంది, నొసలు ముట్టి సూడు."

సక్కుబాయి కళ్ళు తుడుచుకొని లేచి సీసా అందించింది.

"మంచిగనే ఉన్న గని," అంది, "గా కొంగుల ఏం కట్టుకొచ్చినవ్ బాలవ్వా?"